కెనరీ దీవుల్లో తెరచాప పడవ మీద వారం రోజులు: ముందు తిరుగు ప్రయాణం లెక్క చూసుకోండి

టెనెరిఫే దక్షిణ తీరం నుంచి పక్కనున్న లా గొమేరా దీవికి తెరచాప పడవలో వెళ్లడం తేలిక. గాలి వెనక నుంచి తోస్తుంది, నాలుగైదు గంటల్లో చేరిపోతారు. కష్టమంతా తిరిగి రావడంలోనే ఉంది. ఈ ఒక్క సంగతి సరిగ్గా పట్టించుకోక మొదటిసారి మేం సెలవుల్లో సగం పాడుచేసుకున్నాం. తర్వాత వెళ్లిన రెండుసార్లూ వారం మొత్తాన్ని తిరుగు ప్రయాణాన్ని బట్టి వేసుకున్నాం. హాయిగా గడిచింది. ఆ లెక్క ఏమిటో చెబుతాను.

నేను పుట్టింది కాకినాడలో. ఇప్పుడు ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో ఉంటూ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. పడవ నడపడం ముప్పై ఎనిమిదో ఏట ఇక్కడే నేర్చుకున్నాను. మా ఆయనకి సముద్రం అంతగా పడదు. మా అబ్బాయికి మొదటి ప్రయాణం నాటికి పదకొండేళ్లు. మేమేమీ ఆరితేరిన వాళ్లం కాదు. కాబట్టి కింద రాసేది మాలాంటి కుటుంబాల కోసమే.

ముందుగా గాలి గురించి. కెనరీ దీవులు స్పెయిన్‌వే అయినా ఉన్నది ఆఫ్రికా పక్కన. ఫ్యుర్తెవెంచురా దీవి నుంచి ఆఫ్రికా తీరం సుమారు 100 కిలోమీటర్లే. చిన్నప్పుడు భూగోళంలో చదివిన వ్యాపార పవనాలు గుర్తున్నాయా? అవే ఇక్కడ ఈశాన్యం నుంచి ఏడాదిలో ఎక్కువ రోజులు వీస్తాయి. స్థానికులు వాటిని అలీసియోస్ అంటారు. ఆ గాలికి అడ్డంగా నిప్పుకొండలు నిలబడి ఉన్నాయి. టెనెరిఫేలోని తేయిదే శిఖరమే 3,715 మీటర్లు. గాలి కొండ మీదుగా పోలేక దీవుల మధ్య సందుల్లోకి దూరుతుంది. రెండు మేడల మధ్య సందులో నిలబడితే చీర కొంగు ఎలా ఎగిరిపోతుందో అక్కడా అంతే. బయట 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి, సందులోకి వచ్చేసరికి 30 నాట్లు అవుతుంది. వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే ఒత్తిడి నాలుగింతలు. ఇది గుండెల్లో రాసుకోవాల్సిన అంకె.

కొండ వెనక మాత్రం ఆకు కూడా కదలదు. కాకినాడ వాళ్లకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. హోప్ ఐలాండ్ చాటున నీళ్లు చెరువులా ఉంటాయి. అదే సముద్రం ఉప్పాడ దగ్గర రోడ్డు మీదికి ఎక్కుతుంది. కెనరీల్లో ఆ చాటుకూ, ఆ ఉప్పాడకూ మధ్య ఒక గీత ఉంటుంది. పడవలో పదినిమిషాల్లో దాటేస్తారు.

మేం మొదటిసారి దాటింది తెలియకుండానే. పొద్దున పదకొండింటికి తీరిగ్గా బయల్దేరాం. టెనెరిఫే చాటున గాలి లేదు కదా అని తెరచాపలు రెండూ పూర్తిగా ఎత్తేశాం. గొమేరా దగ్గర పడుతుండగా నీళ్ల రంగు ముదిరింది, దాని వెనక తెల్లని నురగ కనిపించింది. అది చూస్తూ కూడా నేను తెరచాప కుదించలేదు. గాలి ఒక్కసారి కొట్టేసరికి పడవ పక్కకు ఒరిగిపోయి, చుక్కాని మాట వినకుండా గాలి వైపు తిరిగిపోయింది. ముందు తెరచాప అంచు చిరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ మా అబ్బాయి ఆ రోజంతా నా చెయ్యి వదల్లేదు. తప్పు పడవది కాదు, వాతావరణ సూచనదీ కాదు. సూచనలో 16 నాట్లు అని ఉంది, బయటి సముద్రంలో అంతే ఉంది. సందులో ఎంత ఉంటుందో లెక్కేసుకోవాల్సింది నేను.

అందుకే నా మొదటి నియమం: ఫోన్లో యాప్ చూపించే అంకెకు, దీవుల మధ్య సందులో కనీసం 10 నాట్లు కలుపుకోండి. విండీ లాంటి గాలి సూచన యాప్‌లో, సముద్రాన్ని చిన్నచిన్న గడులుగా విడదీసి లెక్కకట్టే మోడల్ ఎంచుకుంటే సందుల్లో రంగు మారడం కొంతవరకు కనిపిస్తుంది. స్పెయిన్ వాతావరణ సంస్థ ఏమెట్ తీర ప్రాంత సూచన కూడా రోజూ చూడండి. యాప్‌లో 20 దాటి కనిపిస్తే, పిల్లలతో ఉన్నప్పుడు నేను ఆ రోజు సందు దాటను.

ఎప్పుడు వెళ్లాలి? జూన్ నుంచి ఆగస్టు వరకు గాలి బలంగా, ఆపకుండా వీస్తుంది. పిల్లల బడి సెలవులు అప్పుడే కాబట్టి అందరూ అప్పుడే వెళ్తారు గానీ, కొత్తవాళ్లకు నేను ఏప్రిల్, మే లేదా సెప్టెంబరు చివర, అక్టోబరు చెబుతాను. అక్టోబరులో నీళ్లు 23 డిగ్రీల దాకా ఉంటాయి, ఈత కొట్టడానికి బాగుంటుంది. ఫిబ్రవరి, మార్చిలో 19 డిగ్రీల దగ్గరకి పడిపోతాయి. చలికాలంలో అప్పుడప్పుడు గాలి నైరుతికి తిరుగుతుంది. అప్పుడు మామూలుగా ప్రశాంతంగా ఉండే దక్షిణపు రేవులే అలలకు ఎదురవుతాయి. ఇంకోటి, ఏడాదిలో కొన్ని రోజులు సహారా నుంచి దుమ్ము గాలి వస్తుంది. కలీమా అంటారు. ఆకాశం పసుపు రంగులోకి మారి ఎదుటి దీవి కనిపించకుండా పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈ దీవులు షెంజెన్‌లో, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతంలో భాగం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు బ్రిటన్‌లో ఉంటున్నా సరే షెంజెన్ వీసా తీసుకోవాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా కావాలి. ఆ బీమాలో తెరచాప పడవ ప్రయాణం కలిసి ఉందో లేదో చదివి చూసుకోండి, చాలావాటిలో విడిగా చేర్పించుకోవాలి. లండన్ నుంచి టెనెరిఫే దక్షిణ విమానాశ్రయానికి నాలుగున్నర గంటలు. గడియారం మార్చుకోనక్కర్లేదు, బ్రిటన్ సమయమే అక్కడా.

పడవ మీరే నడపాలంటే సర్టిఫికెట్ అడుగుతారు. నేను బ్రిటన్ పడవల సంఘం ఆర్‌వైఏ వారి డే స్కిప్పర్ కోర్సు చేశాను. ప్రాక్టికల్ ఐదు రోజులు, థియరీ విడిగా. దాని ఆధారంగా ఐసీసీ అనే కార్డు, అంటే పడవ నడపగలరని చెప్పే అంతర్జాతీయ పత్రం, తీసుకున్నాను. పడవల మీద మాట్లాడుకోవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియో సర్టిఫికెట్ కూడా ఉంచుకోండి. ఇవేవీ లేకపోతే స్కిప్పర్‌తో, అంటే పడవ నడిపే మనిషితో సహా పడవ అద్దెకు తీసుకోవచ్చు. నిజం చెప్పాలంటే, సర్టిఫికెట్ ఉన్నా మొదటిసారి రెండు రోజులకైనా స్థానిక స్కిప్పర్‌ని పెట్టుకోమంటాను. ఇంగ్లండ్‌లోనో, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీదో నేర్చుకున్న వాళ్లకి నడపడం వస్తుంది గానీ, ఈ గీతలు ఎక్కడుంటాయో తెలియదు. రెండోసారి మేం అదే చేశాం. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నది ఐదు రోజుల కోర్సులో నేర్చుకున్నదానికి తక్కువేమీ కాదు.

పడవ చేతికిచ్చేటప్పుడు ఫ్రిజ్, టాయిలెట్, గ్యాస్ పొయ్యి అన్నీ చూపిస్తారు. వాటికంటే ముందు మీరు అడగాల్సింది: "తెరచాప కుదించే తాళ్లు ఏవి? ఒకసారి రేవులోనే కుదించి చూపించండి." దీన్ని రీఫ్ చేయడం అంటారు. మొదటి రీఫ్, రెండో రీఫ్ తాళ్లు చిక్కు లేకుండా కదులుతున్నాయా, ఎవరు ఏ తాడు పట్టుకోవాలి అన్నది కట్టి ఉన్న పడవ మీదే రెండుసార్లు సాధన చేయండి. ఆ తర్వాత లంగరు గొలుసు ఎంత పొడవుందో అడగండి. 50 మీటర్లకు తక్కువైతే నేను ఒప్పుకోను. పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, వాటికి కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉందా చూడండి. పట్టీ లేకపోతే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ పైకి వెళ్లి పిల్లాడు కిందికి జారతాడు. మా పడవ మీద ఒకటే చట్టం: సందు దాటేటప్పుడు అందరూ జాకెట్లు వేసుకుని, హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు) తాడు పడవకు తగిలించుకోవాలి. ఎంత ఎండగా ఉన్నా సరే.

ఇక వాంతులు. ఇది నా వృత్తికి దగ్గర విషయం, వివరంగా చెప్పాల్సిందే. మందు వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, పొట్ట దాన్ని పేగుల్లోకి పంపడం మందగిస్తుంది. సినరిజిన్ బిళ్ళలు, మన దగ్గర స్టుజెరాన్ పేరుతో దొరికేవి, పెద్దవాళ్లు బయల్దేరడానికి రెండు గంటల ముందు 30 మిల్లీగ్రాములు, తర్వాత అవసరమైతే ఎనిమిది గంటలకోసారి 15 మిల్లీగ్రాములు వేసుకోవాలి. ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, వేరే మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోకూడదు. ఇది మగత తెస్తుంది. అందుకని ప్రయాణానికి వారం ముందు ఇంట్లో సెలవు రోజున ఒకసారి వేసుకుని చూడండి. మా ఆయనకి నిద్ర ముంచుకొచ్చిందని అప్పుడే తెలిసింది కాబట్టి, సందు దాటే రోజు ఆయనకి చుక్కాని పని పెట్టుకోలేదు. మందు మీద వైన్ తాగకూడదు. ఖాళీ కడుపుతోనూ బయల్దేరకూడదు. ఇడ్లీ దొరకదు కాబట్టి మేం పొద్దున్నే ఉప్మా తింటాం. వికారంగా అనిపించినవాళ్లని పడవ కింది గదిలోకి పంపకండి. పైనే కూర్చోబెట్టి దూరంగా కొండ వైపు చూస్తూ ఉండమనండి.

దారి ఇలా పెట్టుకోండి. దక్షిణ టెనెరిఫేలో విమానాశ్రయానికి దగ్గర్లో శాన్ మిగెల్ మెరీనా (సరదా పడవలు కట్టే రేవు) ఉంది. శనివారం పడవ తీసుకుని ఆ రాత్రి అక్కడే ఉండండి. సరుకులకి ఇపెర్‌దీనో అనే స్థానిక సూపర్ మార్కెట్లు అంతటా ఉంటాయి. పప్పు, బియ్యం, కూరగాయలు దొరుకుతాయి. చింతపండు, ఇంగువ, ఆవకాయ ఇంటి నుంచి తెచ్చుకోండి. తాగే నీళ్లు మనిషికి రోజుకి మూడు లీటర్ల లెక్కన కొనండి. అలలున్న రోజు వంట చేయొద్దు. ముందు రోజు రాత్రే పులిహోర కలిపి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకుంటే ఒక చేత్తో పడవ పట్టుకుని, ఇంకో చేత్తో తినొచ్చు. పెరుగన్నం ఆ పూటకి వద్దు.

ఆదివారం తెల్లవారుతూనే బయల్దేరండి. గాలి మధ్యాహ్నానికి పెరుగుతుంది. లా గొమేరా ముఖ్య పట్టణం శాన్ సెబాస్టియన్ సుమారు 27 నాటికల్ మైళ్లు, అంటే 50 కిలోమీటర్లు. ఆరు నాట్ల వేగంతో నాలుగున్నర గంటలు. రేవు నుంచి పుంటా రాస్కా అనే దక్షిణపు కొన దాకా వెనకగాలి బలంగా ఉంటుంది. పక్కనే ఉన్న ఎల్ మెదానోకి విండ్‌సర్ఫర్లు దేశదేశాల నుంచి వచ్చేది ఆ గాలి కోసమే. కొన దాటగానే గాలి ఆగిపోతుంది, ఇంజిన్ వేయాలి. ఆ నిశ్శబ్దంలోనే, కాఫీ పెట్టుకోవాలని అనిపించే ఆ సమయంలోనే, పెద్ద తెరచాపకి రెండో రీఫ్ వేసేయండి. ముందు తెరచాప సగమే విప్పండి. గాలి లేకుండా తెరచాప కుదించడం వింతగా ఉంటుంది. అయినా చేయండి. గంటలో గీత వస్తుంది.

ఆ ప్రశాంతమైన నీళ్లలోనే పైలట్ తిమింగలాలు కనిపిస్తాయి. నల్లగా, గుండ్రటి తలతో, నెమ్మదిగా తేలుతూ. అవి ఏడాది పొడుగునా అక్కడే ఉంటాయి, పిల్లల్ని అక్కడే పెంచుతాయి. 60 మీటర్లకంటే దగ్గరికి పోకూడదన్నది స్పెయిన్ చట్టం. వాటి వెంట పడొద్దు. దారి కాస్త మళ్లించి వేగం తగ్గించండి. అవే పక్క నుంచి పోతే పోనివ్వండి. మా అబ్బాయి భయం పోయింది రెండో ప్రయాణంలో వాటిని చూసినప్పుడే.

శాన్ సెబాస్టియన్ రేవు ముఖద్వారం దగ్గర వేగంగా వచ్చే ఫెర్రీలు తిరుగుతుంటాయి. ముందుగా మెరీనాకి రేడియోలో చానల్ 9 మీద చెప్పి, ఫెర్రీ లేదని చూసుకుని లోపలికి వెళ్లండి. చోటు ముందే బుక్ చేసుకోవాలి. నవంబరులో అట్లాంటిక్ దాటే పడవలు ఈ దీవుల్లో పోగవుతాయి, అప్పుడు చోటు దొరకడం చాలా కష్టం. కొలంబస్ 1492 సెప్టెంబరు 6న ఈ ఊరి నుంచే పడమటికి సాగిపోయాడు. ఆయన్ని మోసుకుపోయిన గాలే మిమ్మల్ని ఇక్కడికి తెచ్చింది.

ఇక్కడ రెండు రాత్రులు ఉండండి. సోమవారం పడవ కట్టేసి కొండెక్కండి. బస్సుని ఇక్కడ గ్వాగ్వా అంటారు. పైన గారహొనాయ్ అడవి ఉంది, 1986 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. కింద రాళ్లూ, ఎండా. పైన పొగమంచు, నాచు పట్టిన చెట్లు, ఆకుల నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు. ఆ నీళ్లు తెచ్చేది కూడా మనం భయపడిన ఈశాన్యపు గాలే. ఆ దీవిలో లోయకీ లోయకీ మధ్య ఈలతో మాట్లాడుకునే భాష ఉంది. సిల్బో అంటారు, బడిలో పిల్లలకు నేర్పుతారు. సాయంత్రం ఏదైనా చిన్న హోటల్లో ఉప్పునీళ్లలో ఉడికించిన ముడతల బంగాళదుంపలు, ఎర్ర మోహో తినండి. ఎండు మిరప, వెల్లుల్లి, జీలకర్ర, వెనిగర్, నూనె కలిపి నూరిన పచ్చడి అది. మాకు ఇంటి భోజనంలా అనిపించింది. శాకాహారులకి వేరే వెతకనక్కర్లేదు.

మంగళవారం దీవి దక్షిణం చుట్టి వయ్యే గ్రాన్ రేయ్ వైపు వెళ్లొచ్చు. సుమారు 15 మైళ్లు, దీవి చాటున. మధ్యలో ప్లాయా శాంటియాగో దగ్గర ఆగి ఈత కొట్టొచ్చు. చాటు కదా అని ఏమరకండి. లోయల నోళ్ల దగ్గర కొండ మీద నుంచి గాలి దబ్బున కిందికి పడుతుంది. లంగరు ఇసుక మీదే వేయాలి. అడుగున నల్లరాళ్లుంటే గొలుసు ఇరుక్కుంటుంది. లోతు 8 మీటర్లుంటే 40 మీటర్ల గొలుసు వదిలి, ఇంజిన్ వెనక్కి నడిపి లంగరు పట్టిందో లేదో చూడండి. కళ్లద్దాల మాస్క్ పెట్టుకుని దిగి చూస్తే ఇంకా మంచిది. రాత్రి ఫోన్‌లో లంగరు అలారం (లంగరు జారి పడవ కదిలితే మోగేది) పెట్టుకుని పడుకోండి. పడమట ఉన్న లా పాల్మా, ఎల్ ఇయెర్రో దీవులకు ఇదే వారంలో వెళ్లాలని అనిపిస్తుంది. వద్దు. మ్యాపులో దగ్గరగా కనిపించినా, అక్కడి నుంచి వెనక్కి రావడమంటే పక్క నుంచో ఎదురుగానో కొట్టే గాలిలో రోజంతా తడుస్తూ రావడమే.

బుధవారం సాయంత్రానికి మళ్లీ శాన్ సెబాస్టియన్‌లో ఉండాలి. నేను మొదట్లో చెప్పిన లెక్క ఇదే. పడవ అప్పగించాల్సింది శనివారం అయితే, సందు దాటడానికి మీ చేతిలో గురువారం, శుక్రవారం రెండు పొద్దులు ఉంటాయి. వాటిలో ఏది నెమ్మదైతే అది ఎంచుకోండి. మొదటిసారి మాకు ఒక్క శుక్రవారమే మిగిలింది. గాలి 30 దాటుతోందని తెలిసీ బయల్దేరాల్సి వచ్చింది.

తిరుగు దారిలో గాలి ముందు పక్క నుంచి కొడుతుంది. పడవ ఒరిగి నడుస్తుంది, నీళ్లు మీద పడతాయి. ఆ గాలీ, నైరుతికి పోయే ప్రవాహమూ మిమ్మల్ని దక్షిణానికి నెడుతుంటాయి. అందుకని నేరుగా పుంటా రాస్కాకి గురిపెట్టకండి. పది పదిహేను డిగ్రీలు ఉత్తరానికి, లాస్ క్రిస్టియానోస్‌కి పైన ఉన్న తీరం వైపు పట్టండి. టెనెరిఫే చాటులోకి చేరాక తీరం వెంట ఇంజిన్‌తో కిందికి దిగండి. అక్కడ ఆగి అందరికీ ఏదైనా తినిపించండి, ఎందుకంటే అసలు కష్టం ఇంకా ఉంది. కొన తిరిగాక రేవుకి చివరి నాలుగైదు మైళ్లు గాలి దాదాపు ముఖం మీదికే. తెరచాప దించి ఇంజిన్‌తో గంటన్నర పడుతుంది. డీజిల్ సగానికంటే తక్కువుంటే గొమేరాలోనే నింపుకుని బయల్దేరండి. ప్రమాదమనిపిస్తే రేడియో చానల్ 16, ఫోన్ అయితే 112. మొహమాటపడకండి.

ఇంకో ఉపాయం ఉంది. ఇది తెలిశాకే మా ఇంట్లో ఈ ప్రయాణమంటే టెన్షన్ పోయింది. శాన్ సెబాస్టియన్ నుంచి లాస్ క్రిస్టియానోస్‌కి ఫెర్రీ గంటలోపే చేరుస్తుంది. మూడోసారి మా అత్తయ్య కూడా వచ్చారు. ఆవిడ, మా ఆయన, అబ్బాయి రెండు వైపులా ఫెర్రీలోనే వెళ్లొచ్చారు. పడవని నేనూ, నాతో కోర్సు చేసిన స్నేహితురాలూ దాటించాం. అత్తయ్య గొమేరా చాటున మూడు రోజులు పడవ మీద ఉన్నారు, లంగరు దగ్గర కూర్చుని లలితా సహస్రనామం చదువుకున్నారు, ఒక్కసారి కూడా వికారపడలేదు.

గొమేరాలో పామ్ హనీ అని ముదురు రంగు పాకం అమ్ముతారు. అక్కడి తాటిజాతి చెట్ల నుంచి రాత్రిపూట గీసి తీసిన రసాన్ని మరగకాచి చేస్తారు, అచ్చం మన తాటి బెల్లం పాకమే. ద్రవం కాబట్టి చేతి సంచిలో పోనివ్వకపోవచ్చు. రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, పెద్ద బ్యాగులో బట్టల మధ్య పెట్టండి. నేను ఒక సీసా కాకినాడ తీసుకెళ్తే మా అమ్మ మూత తీసి వాసన చూసి, వేరే ఏమీ అడక్కుండా గారెలకు పప్పు నానబోసింది.